అమ్మ నా తల దువ్వని రోజులు

"సోషల్ మీడియాలో సొంత అనుభవాలు రాస్తున్నా ఎవరూ చదవడం లేదు, కొందరి కథలే ఎందుకు అంతమందిని చేరతాయి?" అని అడిగారు. మాది వరంగల్ దగ్గర మిరప పండించే ఊరు. నాలుగేళ్లుగా ఫేస్‌బుక్‌లో మా ఇంటి కథలు రాస్తున్నాను.

మొదట రైతు కష్టం గురించి రాశాను. అన్నదాత, చెమట, త్యాగం, అన్నీ ఉన్నాయి. మా ఇల్లు మాత్రం అందులో లేదు. చుట్టాలు తప్ప ఎవరూ చదవలేదు.

తర్వాత ఒకరోజు ఇలా మొదలుపెట్టాను: "మిరప కోతల కాలంలో అమ్మ నా తల దువ్వేది కాదు." పొద్దంతా కాయ కోసిన చేతుల మంట నీళ్లతో కడిగితే పోదు. మిరపలోని ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అమ్మ అరచేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులు ఎక్కడ నా కళ్లకు తగులుతాయోనని దూరంగా కూర్చునేది. పక్కింటి అక్క నాకు జడ వేస్తుంటే అక్కడి నుంచే చూసేది. అంతే రాశాను, కష్టమన్న మాటే వాడలేదు. ఖమ్మం నుంచి, గుంటూరు నుంచి ముక్కూ మొహం తెలియనివారు తమ అమ్మల చేతుల గురించి రాశారు. ఒక్కొక్కరికీ జవాబిస్తూ ఆ రాత్రి చాలాసేపు మేలుకున్నాను.

పెద్ద పోస్టయితే ఫేస్‌బుక్ మొదటి కొన్ని పంక్తులే చూపి మిగతాది దాచేస్తుంది. కాబట్టి ఊరూ పేరూ తర్వాత చెప్పండి, దువ్వెన ముందు చూపించండి.

ఇంకో సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు కాయ తెచ్చిన నాన్న రాత్రంతా బస్తాల మీదే పడుకున్న కథ రాస్తూ, ఆ ఏటి అప్పును అంకెతో సహా రాసేశాను. నా పోస్టుల్లో ఎక్కువమంది చదివింది అదే. ఊళ్లో నాన్నను ఆపి మరీ అప్పు సంగతి అడిగారు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పోస్టు తీసేశాను. అంతమంది చదివినా అది నెగ్గిన కథ అని నేను అనుకోను.

అప్పటి నుంచి ఎవరి గురించి రాస్తే వారికి ముందు చదివి వినిపిస్తున్నాను. మొన్న నాన్నే అన్నారు: "ఆ రాత్రి కథ మళ్లీ రాయి బిడ్డా. అప్పు మాట వద్దు. చలికి వణుకుతుంటే పక్క బస్తాల మీది ములుగు రైతు తన దుప్పటి సగం నాకు కప్పాడు, అది రాయి." ఆ దుప్పటి సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఇప్పుడు అదే రాస్తున్నాను.