వడ్రంగం గదిలో వెలుతురు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత మేడ మీది రేకుల గదిని వడ్రంగానికి కేటాయించుకున్నాను. గది వెడల్పు 12 అడుగులు, పొడవు 16 అడుగులు. పని బల్ల ఉత్తరపు గోడకు ఆనుకొని, కిటికీ కింద ఉంది. కప్పు మధ్యలో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంది. చీకటి పడ్డాక మూలమట్టం పెట్టి గీసిన గీత నా నీడలోనే పడుతోంది. టేకు పలక నున్నగా వచ్చిందనుకొని పాలిష్ చేసి హాల్లో పెడితే చిత్రిక గాట్లు బయటపడుతున్నాయి. 50 వాట్ల ఫ్లడ్‌లైటు పెట్టిస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. పెట్టించమంటారా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దండి. ఫ్లడ్‌లైటు ఒక్కచోటి నుంచి తీక్షణంగా కొడుతుంది కనుక మీ నీడ ఇప్పటికంటే నల్లగా పడుతుంది, ఉలి మీదా రంపం మీదా తళుక్కుమనే మెరుపు కళ్లను ఇబ్బంది పెడుతుంది. మీ గదిలో వెలుతురు తక్కువన్న మాట నిజమే కాని, మీరు రాసిన రెండు ఇబ్బందులకూ అసలు కారణం ఆ వెలుతురు వస్తున్న దిక్కు.

ముందుగా ఎంత కావాలో చూద్దాం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12464-1 ప్రకారం బల్ల మీద జోడింపు పనికి 300 లక్స్, యంత్రాల మీద కోతకు 500, పాలిష్‌కూ నాజూకు పనికీ 750 లక్స్ ఉండాలి. దీపం ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత ల్యూమెన్. ఒక చదరపు మీటరు మీద పడే ఒక ల్యూమెన్ వెలుతురే ఒక లక్స్. మీ గది సుమారు 18 చదరపు మీటర్లు. దీపం ఇచ్చే వెలుతురులో గోడలకూ కప్పుకూ దుమ్ముకూ పోగా సగం బల్ల దాకా చేరుతుందనుకుంటే, సుమారు 2,000 ల్యూమెన్లిచ్చే మీ ట్యూబ్‌లైటు నుంచి మీకు దక్కుతున్నది 55 లక్స్ మాత్రమే. అటువంటివే ఆరు పెడితే గదంతా 300 దాటుతుంది. గది మొత్తాన్ని 750కి తీసుకువెళ్లవలసిన అవసరం లేదు. ఆ అదనపు వెలుతురు బల్ల దగ్గరా రంపం దగ్గరా విడి దీపాలతో ఇచ్చుకోవడమే మేలు. వయసును కూడా లెక్కలోకి తీసుకోండి. ఇరవయ్యేళ్లవారి రెటీనాకు చేరే వెలుతురులో అరవయ్యేళ్లవారికి చేరేది దాదాపు మూడో వంతే కనుక, ఈ అంకెలను కనీస అవసరాలుగానే చూడండి.

ఇక దిక్కు సంగతి. మీరు ఉత్తరపు గోడ వైపు తిరిగి నిలబడినప్పుడు గది మధ్యనున్న దీపం మీ వీపు వెనక ఉంటుంది కనుక మీ తల నీడ నేరుగా గీత మీదికే వస్తుంది. ఆరు దీపాలనూ మూడేసి చొప్పున రెండు వరసలుగా గది పొడవునా బిగించి, ఒక వరస సరిగ్గా బల్ల ముందంచుకు పైన, అంటే మీ తలకు కాస్త ముందుగా ఉండేలా చూడండి. పొడవైన ట్యూబులు వరసగా ఉంటే ఒకదాని నీడను మరొకటి చాలావరకు చెరిపేస్తుంది. దానికి తోడు బల్ల ఎడమ వైపు వంగే చేయి ఉన్న దీపం ఒకటి బిగించండి. మీది ఎడమచేతి వాటమైతే కుడి వైపున పెట్టుకోండి.

చిత్రిక గాట్లు గదిలో కనిపించకుండా హాల్లో కనిపించడానికి కారణం కూడా ఇదే. నిట్టనిలువుగా పడే వెలుతురు గాటును నింపేసి మాయం చేస్తుంది. హాల్లో కిటికీ నుంచి పక్కవాటుగా వచ్చే వెలుతురు దాని అంచుకు నీడ కల్పించి పట్టిస్తుంది. అందుచేత పాలిష్‌కు ముందు పై దీపాలన్నీ ఆర్పి, ఆ వంగే దీపాన్ని పలక ఎత్తుకు దించి, వెలుతురు పలక మీద పాకేటట్లు పెట్టి చూడండి. ముందు చెక్క గీతలకు అడ్డంగా, తరువాత వాటి వెంబడి చూడాలి. శాండ్‌పేపర్ గీతలు, జిగురు మరకలు, చిత్రిక అంచు ఆగిన మెట్లు అన్నీ అప్పుడే తేలిపోతాయి. నా దృష్టిలో మీకు మిగతా దీపాలన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఈ ఒక్క దీపమే.

కొనేటప్పుడు డబ్బా మీద వాట్లు కాక ల్యూమెన్లు చదవండి. రంగులను నిజంగా చూపే గుణానికి గుర్తు సీఆర్‌ఐ. మామూలు దీపాలకు అది 80 దాకా ఉంటుంది. బల్ల దీపానికి మాత్రం 90 దాటినది తీసుకోండి, లేకపోతే టేకు, జిట్రేగి వంటి చెక్కల్లోని ఎరుపు వెలిసినట్లు కనిపించి, వేసే రంగు గాఢత తప్పుతుంది. వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు. గదికి 4,000 కెల్విన్ల తెలుపు బాగుంటుంది. 6,500 కెల్విన్ల నీలి తెలుపు చాలామందికి ఇష్టమే కాని, పసుపు దీపాలున్న హాల్లోకి చేరాక పాలిష్ వేరేగా తోస్తుంది.

ఉత్తరపు కిటికీ మీ అదృష్టం. మీ ఊరి అక్షాంశంలో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్న సూర్యుడు కూడా కాస్త ఉత్తరానికి వాలి ఉంటాడు కనుక ఆ రోజుల్లో తెల్లని పలుచని తెర వేసుకుంటే చాలు. గోడలకూ రేకుల అడుగుకూ మెరుపు లేని తెల్లరంగు వేయించండి.

దీపాలను రేకుకు ఆనించవద్దు. మీ ఎండలకు కాలిన రేకు వేడి ఎల్‌ఈడీ లోపలి డ్రైవర్‌ను, అంటే కరెంటును దానికి తగినట్లు మార్చి ఇచ్చే భాగాన్ని, త్వరగా పాడుచేస్తుంది కాబట్టి జానెడు కిందికి వేలాడదీయించండి. దుమ్ము చొరని మూత ఉన్నవి తీసుకొని, వాటి మీది రంపపు పొట్టు అప్పుడప్పుడు తుడవండి. విపరీతంగా వేడెక్కే హాలోజన్ దీపం మాత్రం ఆ పొట్టు దగ్గరికి రానివ్వకండి. అన్నిటికంటే ముఖ్యంగా, దీపాలకూ యంత్రాలకూ వేర్వేరు ఎంసీబీలు (భారం ఎక్కువైతే కరెంటును తమంతట తామే ఆపే బ్రేకర్లు) పెట్టించండి. రంపం బిగుసుకొని బ్రేకర్ పడిపోయినప్పుడు, పళ్లచక్రం ఇంకా తిరుగుతుండగా గదిలో చీకటి కమ్మకూడదు. కరెంటు కోతల కోసం ఒక దీపాన్ని ఇన్వర్టర్‌కు కలపండి.

ప్రశ్న: ఇంట్లో చిన్న మోటారు లేత్ మీద అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తాను. కొత్త ఎల్‌ఈడీ బల్బు పెట్టాక, ఒక్కొక్కసారి కర్రను పట్టుకొని తిరుగుతున్న చక్ ఆగిపోయినట్లు కనిపిస్తోంది. ఇది ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

జవాబు: ప్రమాదమేనమ్మా. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, చవక డ్రైవర్ ఉన్న దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. లేత్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే సెకనుకు 25 చుట్లు, అంటే మిణుకు మిణుకుకూ సరిగ్గా పావు చుట్టు. నాలుగు దవడల చక్ ప్రతి మిణుకులోనూ ఒకేలా కనబడి, కదలనట్లే తోస్తుంది. దీపం కింద సన్నని పుల్లను వేగంగా అటూ ఇటూ ఆడించండి: విడివిడి పుల్లలుగా కనిపిస్తే దీపం మిణుకుతున్నట్లు, ఒకే పొరగా అలుక్కుపోతే పరవాలేదన్నట్లు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసినా తెలుస్తుంది. మూడు ఫేజుల కర్మాగారాల్లో పక్కపక్క దీపాలను వేర్వేరు ఫేజుల మీద పెట్టి ఈ దోషాన్ని తగ్గిస్తారు. సింగిల్ ఫేజు ఇంట్లో ఆ వీలు లేదు కాబట్టి, మిణుకు లేని డ్రైవర్ ఉన్న దీపాన్ని దుకాణంలోనే పుల్లతో పరీక్షించి కొనండి. అది వచ్చేదాకా, స్విచ్ ఆపి, మోటారు మోత పూర్తిగా అణగిన తరువాతే చక్ దగ్గరికి చేయి పెట్టండి.