పంటి ఇంప్లాంట్‌కు పీఆర్‌ఎఫ్ వేయించాలా? నా సమాధానం

అన్నా, మీ బాపుకు పంటి ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) వేసేటప్పుడు ‘చేతి నుంచి రక్తం తీసి పీఆర్‌ఎఫ్ పెడతాం, ఎముక తొందరగా పట్టుకుంటుంది’ అని హనుమకొండలో డాక్టర్ చెప్పారని రాశారు. వేరేవాళ్ల రక్తం పెడతారేమోనని మీ అమ్మకు టెన్షన్ అన్నారు. ఆ భయం అక్కర్లేదు, అది మీ బాపు సొంత రక్తమే.

గడ్డకట్టకుండా ఆపే మందు కలపని ట్యూబులోకి రక్తం తీసి, వెంటనే సెంట్రిఫ్యూజ్ అనే వేగంగా తిప్పే మిషన్‌లో తిప్పుతారు. అడుగున ఎర్ర కణాలు, పైన పసుపు నీరు, నడుమ మీగడ లాంటి లేత పసుపు గడ్డ వస్తాయి. ఆ గడ్డే పీఆర్‌ఎఫ్, అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టినప్పుడు వచ్చే పీచు లాంటి ప్రోటీన్). 2001లో ఫ్రాన్స్‌లో డాక్టర్ షుక్రూన్ బృందం వివరించిన పద్ధతి ఇది. అందులో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) గాయం మానడానికి పనికొచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లను కొన్ని రోజుల పాటు మెల్లగా వదులుతాయి. రక్తం తీశాక ఆలస్యమైతే గడ్డ సరిగా రాదు. అందుకే మిషన్ ఆ క్లినిక్‌లోనే ఉందా అని తప్పక అడగండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. పంటి చిగురు గాయం మానడానికి పీఆర్‌ఎఫ్ మంచి సాయమే. ఎముక విషయంలో మాత్రం పరిశోధనల ఫలితాలు అన్నీ ఒక్క తీరుగా లేవు. అప్పు చేసి వేయించాల్సినంత అవసరం లేదు. బాపుకు షుగర్ ఉందన్నారు కదా, ముందు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) చేయించండి. షుగర్ అదుపులో లేకపోతే పీఆర్‌ఎఫ్ పెట్టినా ఎముక సరిగా పట్టకపోవచ్చు. బీడీ కూడా మాన్పించండి. గుండెకు ఆస్పిరిన్ వాడుతుంటే దంత డాక్టర్‌కు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.