మిద్దె మీద తీగ, కంప్యూటర్‌లో తీగ
హామ్ రేడియో (సరదాకి లైసెన్సుతో నడిపే రేడియో): పాఠకుల ప్రశ్నలు, తిరుపతి నుంచి జవాబులు

ప్రశ్న: మాది చిత్తూరు. ఈమధ్యే లైసెన్సు వచ్చింది. 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ దరిదాపులు) కోసం, యాంటెన్నాలను లెక్కకట్టే ఎంఎంఏఎన్‌ఏ-గాల్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్వర్టెడ్ వీ (మధ్యలో ఎత్తి రెండు కాళ్లూ కిందికి వాల్చిన తీగ యాంటెన్నా) గీసుకున్నాను. ఫ్రీ స్పేస్‌లో, అంటే చుట్టూ ఏమీ లేదనుకుంటే, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర బాగా కుదిరింది. అదే కొలతకి, 20.14 మీటర్లు, హౌస్ వైరింగ్ తీగ కోసి కట్టాను. మా మిద్దె నలభై అడుగుల చదరం. మధ్యలో 6 మీటర్ల జీఐ పైపు నిలబెట్టి, కొసలు ఎదురెదురు మూలల్లో పిట్టగోడకు కట్టాను. నానోవీఎన్‌ఏ అనే కొలిచే పరికరం పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) తక్కువగా ఉన్నది 6.85 మెగాహెర్ట్జ్ దగ్గర. సాఫ్ట్‌వేర్‌ని నమ్మకూడదా?

జవాబు: నమ్మొచ్చు. కాకపోతే మీరు దాన్ని అడిగింది ఒక యాంటెన్నా గురించి, కట్టింది ఇంకోదాన్ని. అడిగినదానికి నేల లేదు, తీగకు తొడుగు లేదు, చుట్టుపక్కల ఇనుము లేదు. మీ మిద్దె మీద అన్నీ ఉన్నాయి.

ముందు పీవీసీ తొడుగు సంగతి. దానివల్ల తీగ ఉన్నదానికంటే రెండు నుంచి ఐదు శాతం పొడుగైనట్టు ప్రవర్తిస్తుంది. మీ తేడాలో ఎక్కువ భాగం అక్కడే తేలిపోవచ్చు. ఇక కొసలు. డైపోల్‌లో, అంటే మీలాంటి రెండు కాళ్ల తీగ యాంటెన్నాలో, కరెంటు మధ్యలో ఎక్కువ, వోల్టేజి కొసల్లో ఎక్కువ. ఆ కొసలను తీసుకెళ్లి, లోపల కమ్మీలున్న పిట్టగోడకు మూరెడు దూరంలో కట్టారు. అంత దగ్గరలో ఇనుముంటే కెపాసిటెన్స్ పెరిగి రెజొనెన్స్ (తీగ బాగా కుదిరే ఫ్రీక్వెన్సీ) కిందికి దిగుతుంది. బట్టలారేసే జీఐ తీగ యాంటెన్నా కింద ఒకవైపు కాలికి సమాంతరంగా పోతోందేమో కూడా చూడండి. మిద్దెలున్న చోట అది లేని ఇల్లు నేను చూడలేదు! ఉంటే దాన్నీ మోడల్‌లో ఒక తీగగా గీయండి. రెండు నిమిషాల పని. గీసి లెక్క వేయించి, తీసేసి మళ్లీ వేయించండి. తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. ఎంఎంఏఎన్‌ఏలో ఉన్నది మినినెక్ అనే లెక్క ఇంజిన్. నేలను పెట్టినా అది ఇంపెడెన్స్‌ను (కరెంటుకు యాంటెన్నా చూపే అడ్డును) కింద పర్ఫెక్ట్ గ్రౌండ్ (కరెంటు అడ్డు లేకుండా పారే నేల) ఉన్నట్టే కడుతుంది. తక్కువ ఎత్తులో వేలాడే తీగ విషయంలో ఆ అంకె పక్కదారి పడుతుంది, గెయిన్ (ఒకవైపు ఎంత బలంగా పంపుతుందో చెప్పే అంకె) కూడా ఉన్నదానికంటే గొప్పగా చూపిస్తుంది. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో తయారైన నెక్-2 అనే లెక్క ఇంజిన్ ఈ విషయంలో మేలు. అందులో అసలు నేలను లెక్కలోకి తీసుకునే సోమర్‌ఫెల్డ్ పద్ధతి ఎంచుకోవచ్చు. 4నెక్2, ఈజెడ్‌నెక్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఆ ఇంజిన్‌తో నడిచేవే. ఈజెడ్‌నెక్ 2022 నుంచి ఉచితం, పైగా తీగ తొడుగు మందం కూడా అందులో ఇవ్వొచ్చు. మీకు అదే సరిపోతుంది. మీ వైపు రాతి నేల కాబట్టి నేల గుణాలుగా కండక్టివిటీ 0.002, డైఎలక్ట్రిక్ 13 ఇచ్చి మొదలుపెట్టండి. ఎత్తు నేల నుంచి కొలవాలా, స్లాబు నుంచి కొలవాలా అంటే, రెండు విధాలా వేయించండి. అసలు సంగతి ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

గీసేటప్పుడు వీ శిఖరం దగ్గర అర మీటరు చిన్న తీగ పెట్టి, దాన్ని ఒకే సెగ్మెంటుగా (సాఫ్ట్‌వేర్ లెక్కకు తీసుకునే ముక్కగా) ఉంచి, సోర్స్ (సిగ్నల్ ఇచ్చే చోటు) అందులో ఇవ్వండి. రెండు కాళ్ల సెగ్మెంట్లు కూడా సుమారు అర మీటరే ఉండాలి.

ఇప్పుడు ఉన్న తీగను దారికి తేవాలంటే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 6.85ని 7.1తో భాగిస్తే 0.965. 20.14 మీటర్లు 19.43 కావాలి, అంటే ఒక్కో కొసకు 35 సెంటీమీటర్లు తగ్గాలి. కత్తెర తీయకండి. కొసను వెనక్కి మడిచి అదే తీగకు చుట్టి కొలవండి, చాలకపోతే ఇంకొంచెం మడవండి. ఆ పని చేస్తూనే కొసలను నైలాన్ తాడుతో పిట్టగోడకు దూరంగా, మనిషి చేతికి అందని ఎత్తుకు లేపండి. ఎత్తు మారితే కొలతా మారుతుంది కాబట్టి ముందు లేపి, తర్వాతే మడవండి. మీరు ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు వడియాలు పెట్టడానికి పైకొచ్చినవాళ్ల చెయ్యి ఆ కొసకు తగిలితే చర్మం చురుక్కుమని కాలుతుంది. కరెంటు తీగల వైపు మూల ఉంటే ఆ మూలనే మానేయండి.

ప్రశ్న: తిరుపతిలో కపిలతీర్థం దగ్గర ఉంటాం. ఉత్తరాన కొండే అడ్డం. హైదరాబాద్ అటువైపే కదా, డైపోల్‌ను ఇంకా పైకెత్తితే తప్ప లాభం లేదా?

జవాబు: హైదరాబాద్‌కి అక్కర్లేదు. 40 మీటర్ల మీద పగలు మీ సిగ్నల్ సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున్న అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను కిందికి తిప్పి పంపే ఆకాశపు పొర) పొరకు తగిలి దిగుతుంది. ఆకాశ మార్గాన హైదరాబాద్ 430 కిలోమీటర్ల లోపే. లెక్క కడితే తీగ నుంచి సిగ్నల్ 50 డిగ్రీలకు పైనే బయలుదేరాలి. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పెట్టి కొండ అంచును చూడండి, అంత ఎత్తు ఉండదు. పది మీటర్ల ఎత్తులో ఉన్న డైపోల్ తన శక్తిలో ఎక్కువ భాగం నడినెత్తి వైపే పంపుతుంది, మనకు కావలసిందీ అదే. నింగికి గురిపెట్టడం మన జిల్లాలకు కొత్త కాదు లెండి. చిత్తూరు దారిలో గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద 1024 యాగీ యాంటెన్నాలతో ఆ పనే చేస్తోంది, గాలుల కోసం.

ఢిల్లీ అయితే వేరు. ఒక్క గెంతులో (ఆ పొరకు ఒక్కసారే తగిలి) చేరాలంటే 15 డిగ్రీల దగ్గర బయలుదేరాలి, కొండ అక్కడ అడ్డమే. రెండు గెంతుల్లో పోయే సిగ్నల్ ఇంకా పైనుంచి వెళ్తుంది, కాస్త నీరసంగా వినిపిస్తుంది. ఈ కొండ మోడల్‌లో కనిపించదు. అది గీసే నేల ఎప్పుడూ చదునే.

ప్రశ్న: బాలన్ (కేబుల్ పైపొర మీద కరెంటు పారకుండా ఆపేది) తప్పనిసరా? లేకుండానే ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది.

జవాబు: కొలుస్తూ కోయాక్స్‌ను (యాంటెన్నాకు పోయే కేబుల్‌ను) చేత్తో గట్టిగా పట్టుకోండి. అంకె కదిలితే మీ కోయాక్స్ పైపొర మీద కూడా కరెంటు పారుతోందన్నమాట, అంటే అదీ యాంటెన్నాలో మూడో కాలే. మీ కొలతా నిజం కాదు, రాత్రి పక్కింటి టీవీలో వచ్చే గరగరా మీ రిసీవర్‌లోకి దూరుతుంది. ఫెర్రైట్ రింగు మీద కోయాక్స్‌ను గట్టిగా చుట్టి ఫీడ్ పాయింట్ (కోయాక్స్ తీగను కలిసే చోటు) దగ్గరే కట్టండి, అదే బాలన్. అంకె కదలకపోతే ఆ ఖర్చు ప్రస్తుతానికి వాయిదా వేయొచ్చు.