బెంజ్ కారుకు అంత పేరెందుకో నాకు కొండ దిగేటప్పుడు తెలిసింది

మీ ప్రశ్న ఇది: "తిరుపతిలో ఉండే మా బావ, కొత్త కారుకు పెట్టే డబ్బుతో పాత బెంజ్ కొంటానంటున్నాడు. ఆ మూడు కొమ్మల స్టార్‌కు తప్ప దేనికి అంత పేరు? దాని వెనక నిజంగా చరిత్ర ఉందా, ఊళ్లో గొప్ప కోసమేనా?"

నేను తిరుపతిలో డ్రైవర్‌ని. స్టీరింగ్ పట్టి ముప్పై ఏళ్లు దాటింది. అందులో తొమ్మిదేళ్లు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన దగ్గర బెంజ్ కారు తోలాను. చరిత్ర ఉంది. అయితే అది స్టార్ దగ్గర కాదు, బ్రేకు దగ్గర మొదలవుతుందని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

మా ఇంట్లో బెంజ్ అనే మాట కారు కంటే ముందు లారీతో వచ్చింది. మా నాయన తోలిన లారీ టాటా మెర్సిడెస్ బెంజ్. టాటా వాళ్ల టెల్కో 1954లో జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేసింది. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. అప్పటి లారీల మూతికి స్టార్ గుర్తు ఉండేది. ఆ తర్వాత గుర్తు పోయినా మా పెద్దవాళ్ల నోట్లో మాత్రం 'బెంజి లారీ' పోలేదు. నాయన దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని మదనపల్లె నుంచి టమోటా, చిత్తూరు నుంచి బెల్లం మద్రాసుకు తోలేవాడు. కాణిపాకంలో పూజ చేయించిన రోజున పూజారి మొదట ఆ స్టార్‌కే గంధం పూసి, కుంకుమ పెట్టాడు. దండ కూడా దానికే తగిలించాడు. నాకప్పుడు ఆరేళ్లు. అది కంపెనీ గుర్తని తెలియదు, దేవుడి బొమ్మే అనుకున్నాను.

నాయన భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. "ఎక్కించేది ఇంజన్, దించేది డ్రైవర్" అనేవాడు. ఆ మాట నాకు ఒంటబట్టడానికి ఒక ప్రమాదం కావాల్సి వచ్చింది.

1993లో ఒక ట్రావెల్స్‌లో అద్దె జీపు తోలుతున్నాను. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతున్నాం, లోపల ఎనిమిది మంది భక్తులు. తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెప్తున్నా: 1944లో వేసిన పాత రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. పాత రోడ్డులో ఒక వంపు తిరిగేలోపే ఇంకో వంపు వచ్చేస్తుంది. దర్శనమైన సంతోషంలో వెనక అందరూ గోవిందనామాలు చెప్తున్నారు. నేను మూడో గేర్లో, బ్రేకు మీద కాలు తీయకుండా వస్తున్నాను. మొదట లైనర్లు, అంటే బ్రేకు తొక్కితే డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు, కాలిన వాసన వచ్చింది. ముందుపోయే బస్సుదేమో అనుకున్నాను. తర్వాతి వంపు దగ్గర పెడల్ తొక్కితే కాలు దూదిలోకి దిగినట్టు పోయింది. గేరు రెండులోకి లాగి, బండిని కొండవైపు గోడకు రాసుకుంటూ ఆపాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అక్కగార్ల గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాను కాబట్టే బతికామని ఒక పెద్దావిడ అంది. నేనూ అదే అనుకున్నాను. రాత్రి నాయనకు చెప్తే తిట్టలేదు. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి, "డ్రమ్ము ముట్టుకుని చూసినావా?" అన్నాడు.

ఎడతెగకుండా బ్రేకు తొక్కితే బండి వేగమంతా వేడిగా మారి డ్రమ్ములోనే, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలోనే, ఉండిపోతుంది. లైనర్ పట్టు తప్పుతుంది, వేడి మరీ ఎక్కువైతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని ఎంత నొక్కినా చక్రం ఆగదు. దిగేటప్పుడు బండిని చిన్న గేర్లో పెట్టి ఇంజన్‌తోనే పట్టి ఉంచాలనేది ఇందుకే.

ఆ తర్వాత కొన్నేళ్లకు బెర్తా బెంజ్ కథ చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఈమె భర్త కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ దరఖాస్తు చేశాడు. మొదటి కారు అదేనని లోకం లెక్క. ఆ బండి తయారీకి బెర్తా పుట్టింటి సొమ్ము కూడా పెట్టారు. బండి తయారైంది గానీ కొనేవాడు లేడు. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అంతకుముందు ఏ మోటారు బండీ అంత దూరం పోలేదు.

పెట్రోల్ బంకు అనేదే పుట్టని కాలం. వీస్‌లోఖ్ ఊళ్లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రవం కొని ట్యాంకులో పోసుకుంది. మామూలుగా జనం దాన్ని బట్టల మీద మరకలు తుడవడానికి కొనేవాళ్లు. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. ఎక్కుడు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. దిగుడులో చెక్క బ్రేకులు అరిగిపోతుంటే ఒక ఊళ్లో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది.

ఆ తోలే బ్రేక్ లైనింగ్. అదీ అక్కడ పుట్టింది. మెకానిక్ షెడ్డుకు పోయి "అన్నా, లైనర్లు మార్చాల" అని మనం అనే మాటకు మూలం ఆ తల్లి ఆ రోజు పడిన భయం. కొండ దిగే ప్రతి డ్రైవరూ ఆమెకు రుణపడి ఉన్నాడని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. ఆమె తిరిగొచ్చి చెప్పిన సంగతులు విని, ఎక్కుళ్ల కోసం కార్ల్ బెంజ్ ఇంకో గేరు కూడా పెట్టాడు. బండిని షెడ్డులో చూసుకుని మురిసినవాళ్లు కాదు, రోడ్డు మీద అది ఎక్కడ మొండికేస్తుందో తెలుసుకున్నవాళ్లు వేసిన పునాది అది.

మెర్సిడెస్ అనే పేరు వేరే దారిలో వచ్చింది. అదే కాలంలో జర్మనీలోనే కాన్‌స్టాట్ అనే ఊళ్లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మైబాఖ్ తమ ఇంజన్ల మీద పనిచేస్తున్నారు. వాళ్ల కార్లు అమ్మే ఎమిల్ జెల్లినెక్ అనే వ్యాపారి, ఎత్తుగా ఊగిపోయే బండ్లు వద్దు, కిందికి ఉండి పొడవుగా ఉండే బండి కావాలని పట్టుబట్టాడు. మైబాఖ్ చేసిచ్చిన 35 హార్స్‌పవర్ కారు 1901లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో జరిగిన కారు పందేల్లో దుమ్ము రేపింది. దానికి జెల్లినెక్ తన కూతురు మెర్సిడెస్ పేరు పెట్టించాడు. స్పానిష్‌లో ఆ మాటకు కృప అని అర్థం. మూడు కొమ్మల స్టార్ 1909లో రిజిస్టర్ అయింది: నేల మీద, నీటి మీద, గాలిలో తమ ఇంజన్లు నడవాలని. బెంజ్, డైమ్లర్ కంపెనీలు ఒకటైంది 1926లో.

ఇక నేను తోలిన కారు. మెర్సిడెస్ బెంజ్ ఇండియా 1994లో మొదలై, 1995లో పూణే నుంచి 'ఈ-క్లాస్' (E-Class) అనే రకం కార్లు బయటికి తెచ్చింది. మా ఓనరు మరుసటి ఏడాది డీజిల్ బండి కొన్నాడు. తలుపు వేస్తే బీరువా మూసినట్టు బరువైన చప్పుడు. నన్ను కట్టిపడేసింది మాత్రం వైపర్. ముందు అద్దానికి ఒక్కటే వైపర్. అర్ధచంద్రంలా ఊరికే తిరగదు. మూలకు వచ్చేసరికి చెయ్యి చాచినట్టు సాగి పై మూలను తుడిచి, మధ్యకు రాగానే మళ్లీ ముడుచుకుంటుంది. నవంబరు వానలో, మంచు కమ్మిన ఘాట్ రోడ్డులో ఆ వైపర్ పనిచేయడం చూస్తే, దీన్ని గీసినవాడు వానలో బండి తోలి ఉంటాడనిపించేది. వంపు దగ్గర డ్రైవర్ చూసేది అద్దం మధ్యలోంచి కాదు, మూలలోంచే కదా.

మొదటిసారి ఆయన్ను కొండ దించుతుంటే వెనక నుంచి అడిగాడు: "ఏమయ్యా, ముందు బండి అన్నిసార్లు బ్రేకు కొడుతుంటే నువ్వు కొట్టవేం? కాలు అక్కడే ఉందా?"

"ఉందయ్యా. బండి రెండో గేర్లో ఉంది, అదే పట్టుకుంటాంది."

అలిపిరి దాకా ఆయన ఇంకో మాట అనలేదు. కిందికొచ్చాక దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాడు. నాలుగింటికీ డ్రమ్ములు కాదు, డిస్కులే, అంటే బ్రేకు పట్టుకునే ఇనుప పళ్లేలు. వేడి ఉంది, కాలిన వాసన లేదు. జీపు రోజు తర్వాత కొండ దిగుతూ నేను టెన్షన్ లేకుండా ఊపిరి పీల్చింది ఆ రోజే.

ఈ కంపెనీ పేరు అక్కడే ఉందని నేనంటాను. గుద్దుకుంటే బండి గట్టిగా, చెక్కుచెదరకుండా ఉండాలని లోకమంతా అనుకునే రోజుల్లో, బేలా బారెన్యీ అనే వీళ్ల ఇంజనీరు వేరేలా ఆలోచించాడు. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా నలిగిపోవాలి, ఆ నలగడంలోనే దెబ్బ జోరు తగ్గాలి అన్నాడు. 1959లో వచ్చిన పెద్ద కారులో అది మొదటిసారి పెట్టారు. రోడ్డు మీద నుజ్జయిన కారును చూసి "డబ్బా బండి" అంటుంటాం గానీ, లోపలివాళ్లు నడిచి బయటికొచ్చారంటే ఆ నలగడం వల్లే. 1978లో బాష్ కంపెనీతో కలిసి ఎస్ క్లాస్‌లో ఏబీఎస్ తెచ్చారు. గట్టిగా బ్రేకు కొడితే చక్రం బిగుసుకుపోయి బండి జారుతుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా వినదు. ఏబీఎస్ ఆ బిగుసుకోవడాన్ని పసిగట్టి సెకనులో ఎన్నోసార్లు బ్రేకును వదిలి పడుతుంది. అందుకే బ్రేకులో ఉండగానే పక్కకు తప్పుకోవచ్చు. తర్వాత ఎయిర్‌బ్యాగ్. ఈ రోజు చిన్న కారుల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. ముందు డబ్బున్నవాళ్ల కారులోకి వచ్చి, తర్వాత మనదాకా దిగాయి. లగ్జరీ కారువల్ల లోకానికి జరిగిన మేలేంటని నన్నడిగితే ఇదే చెప్తాను.

మచ్చలు దాచను. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీ ఫ్యాక్టరీల్లో ఖైదీలతో, పట్టుకొచ్చిన పరదేశీయులతో బలవంతపు చాకిరీ చేయించారు. ఎంత మంచి ఇంజన్ చేసినా ఆ మచ్చ పోయేది కాదు. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్ కారు పందెంలో వీళ్ల కారు ఎగిరి జనం మీద పడి ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర పందేల నుంచి తప్పుకుని, కొన్ని దశాబ్దాల పాటు అటు పోలేదు.

ఒక డ్రైవర్ సంగతి చెప్పకుండా ఉండలేను. గ్రీసు దేశంలో గ్రెగోరియోస్ సచినిదిస్ అనే టాక్సీ డ్రైవర్ 1976 నాటి 240 డీ అనే బెంజ్ కారును 46 లక్షల కిలోమీటర్లు తిప్పి, 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. మనకు తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు. అలాంటి ట్రిప్పులు అరవై వేలకు పైనే. అది బండి గొప్పే, అంతకంటే ఆయన చేతి గొప్ప.

ఇక మీ బావ సంగతి. కొనాలంటే కొననివ్వండి. గొప్ప కోసమే అయినా తప్పేం లేదు, కానీ చూసి కొనమనండి. పెయింట్ మెరుపు, బానెట్ మీద స్టార్ చివర్లో చూడొచ్చు. ముందు సర్వీస్ రికార్డు అడగాలి. బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో అందులో ఉండాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లు దాటితే, కొన్న రోజే మార్పించాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. బండి తక్కువ తిరిగిందని చెప్పి ముసలి టైర్లతో అమ్మేవాళ్లు ఉన్నారు. డిస్కులు, ప్యాడ్‌లు, సస్పెన్షన్ సామాన్ల ధరలు బేరం కుదరకముందే కనుక్కుని, ఆ డబ్బు పక్కన పెట్టుకోవాలి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ దీపం వెలగాలి, కాసేపటికి ఆరిపోవాలి. ఆరకపోతే రిపేరు ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే, ఆ రిపేరు కనబడకుండా ఎవరో దీపం పీకేసి ఉండొచ్చు. అలాంటి బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దని చెప్పండి. మీ చెల్లెలో అక్కో, పిల్లలో అందులోనే కదా కొండ దిగాలి.