బెంగళూరు వచ్చే ముందు ఒకసారి ఇది చదువు

చిన్నీ,

ఆఫర్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది, చాలా సంతోషం. తర్వాత నీ మెసేజ్ చూశాను. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో, ఉండేదేమో ఎలక్ట్రానిక్ సిటీలో ఫ్రెండ్ ఫ్లాట్‌లో, అద్దె చెరి సగం, రెండు చోట్లా మెట్రో ఉంది కదా పిన్నీ అని రాశావు. ఉంది తల్లీ, కాదనను. ఎలక్ట్రానిక్ సిటీలో ఎల్లో లైన్ ఎక్కి ఆర్‌.వి. రోడ్డులో దిగి, గ్రీన్ లైన్ పట్టుకుని మెజెస్టిక్ వచ్చి, అక్కడ పర్పుల్ లైన్‌కి మారి ఊరంతా దాటుకుని వైట్‌ఫీల్డ్ చేరాలి. రోడ్డు మీద పోదామంటే మధ్యలో సిల్క్ బోర్డు, మారతహళ్ళి, వాటి ట్రాఫిక్ గురించి వినే ఉంటావు. సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్‌.పురం దాకా ఇంకో మెట్రో లైన్ కడుతున్నారు, అది వచ్చాక ఆలోచిద్దువుగాని.

ఈ ఊళ్ళో జీతం ఎంతన్నది ఎంత ముఖ్యమో సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉంటావా, తొమ్మిదిన్నరకు చేరతావా అన్నదీ అంతే ముఖ్యం. అద్దెలో మిగిలిన మూడు నాలుగు వేలు క్యాబులకీ, బయట తిండికీ పోతాయి, పైగా ఓపిక కూడా పోతుంది. అందుకని ముందు ఆఫీసు దగ్గర్లోనే పీజీలో, అంటే తిండి కూడా పెట్టే హాస్టల్ లాంటి చోట దిగు. కుందలహళ్ళి, హూడి, నల్లూరుహళ్ళి వైపు బోలెడన్ని ఉన్నాయి, సగానికి సగం మనవాళ్ళవే, పప్పూ చారుకి లోటుండదు (రుచి సంగతి అడక్కు). ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో చేరేముందే అడిగి మెసేజ్‌లో రాయించుకో. ఒక నెలా రెండు నెలలు ఉన్నావంటే ఏ రోడ్డు ఎప్పుడు జామ్ అవుతుందో, వానొస్తే ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో నీకే తెలుస్తుంది. ఇల్లు అప్పుడు వెతుకుదువు.

వెతికేటప్పుడు మాత్రం అందరిలా బాల్కనీ చూసి మురిసిపోకు. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి మూతి, షవర్ రంధ్రాలు చూడు. తెల్లగా సున్నంలా గట్టిపడి ఉంటే అది బోరు నీళ్ళు, జుట్టు ఊడుతోందని ఆర్నెల్లకి నాకే ఫోన్ చేస్తావు. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఊళ్ళు నగరంలో కలిసింది 2007లో, ఆ శివారు పల్లెల కోసం కావేరి మంచినీళ్ళ పథకం అయిదో దశ మొదలైంది 2024 అక్టోబరులో, అన్నేళ్ళూ బోర్లూ ట్యాంకర్లే దిక్కు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ కోసం పడిన పాట్లు ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. కాబట్టి కావేరి కనెక్షన్ ఉందా, వారానికి ఎన్నిసార్లు వదులుతారు, ట్యాంకర్ డబ్బు మెయింటెనెన్సులోనా విడిగానా, ఈ మూడూ ఓనర్ని అడుగు. ఆయన "నీళ్ళకేం ప్రాబ్లం లేదమ్మా" అంటాడు, అందరూ అదే అంటారు. కింద వాచ్‌మన్‌ని అడుగు, నిజం అక్కడ తెలుస్తుంది.

అడ్వాన్సు గురించి ముందే గుండె దిటవు చేసుకో. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్ళు, ఇప్పుడు చాలాచోట్ల అయిదారు నెలలకు దిగారు, బేరమాడితే ఇంకా తగ్గుతుంది, మొహమాటపడకు. చేతికి ఇవ్వకు, బ్యాంకులో వెయ్యి. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాస్తారు, అందులో "పెయింటింగ్" అన్న మాట ఎక్కడుందో వెతుకు, ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె దాని కిందే పట్టుకుంటారు. మా పైవాటాలో ఉన్న కుర్రాడు గోడకి మేకు కూడా కొట్టలేదు, అయినా మొత్తం కోశారు పాపం. ఇల్లు చూడకుండా వాట్సాప్‌లో ఫొటోలు పంపి టోకెన్ వేయమనేవాళ్ళకి ఒక్క రూపాయి కూడా పంపకు.

కరెంటు సంగతి చాలామందికి తెలీదు. ఇక్కడి ప్రభుత్వం గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడకానికి ఇచ్చే ఉచిత కరెంటుకి అద్దెవాళ్ళు కూడా అప్లై చెయ్యొచ్చు. మీటరుకి పాత అద్దెవాళ్ళ ఆధార్ లింకై ఉంటే ముందు అది తీయించు.

మీ తమ్ముడి స్కూటీ తెస్తానన్నావు, తెచ్చుకో, కానీ ఆంధ్రా నంబరుతో పన్నెండు నెలలు దాటితే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి, టాక్స్ కట్టాలి. అంత అవసరమా అని నా అనుమానం.

కన్నడం నేర్చుకో. తెలుగుతో బండి నడిచిపోతుంది, నిజమే, కానీ పదేళ్ళున్నా ఆటో అతనితో హిందీలో మాట్లాడేవాళ్ళని చూస్తే నాకే సిగ్గేస్తుంది. అక్షరాలు మన అక్షరాల్లాగే ఉంటాయి, బస్సు బోర్డులు చదువుతూ పోతే వారం పట్టదు.

ఇక అసలు బెంగ. ప్రతి శుక్రవారం బ్యాగు సర్దుకుని ఊరికి పరిగెత్తే పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళకి ఊరూ దక్కదు, ఇదీ దక్కదు. మొదట్లో నెలకోసారి చాలు. ఆదివారం పొద్దున్నే పర్పుల్ లైన్ ఎక్కి కబ్బన్ పార్కులో దిగు. ఆగస్టు 15కీ, జనవరి 26కీ లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన పెడతారు. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర, వీధుల నిండా వేరుశనగ కుప్పలే, దానికి నేనే తీసుకెళ్తాను. తెలుగు మీద మనసైతే వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, కార్యక్రమాలు జరుగుతుంటాయి.

సంక్రాంతికి మాత్రం వెళ్ళాలి, లేకపోతే అక్క నన్ను తిడుతుంది. రైలు బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే నవంబరు నడిమికి సిద్ధంగా ఉండు. నీకు కె.ఆర్‌.పురంలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం సుఖం. టికెట్ దొరక్కపోతే పండగ ముందు ప్రైవేటు బస్సుల రేట్లు చూసి ఏడుపొస్తుంది.

అమ్మతో చెప్పు, బియ్యం మూట, పరుపు పంపొద్దని, పీజీలో పెట్టుకునే చోటుండదు, సోనామసూరి ఇక్కడా దొరుకుతుంది. స్వెట్టరూ, గొడుగూ తప్పకుండా పెట్టుకో. కారం మాత్రం తెనాలిలో ఆడించిందే తెచ్చుకో, నాకూ ఒక కిలో.

మీ పిన్ని