కాలికి 40 శాతం వైకల్యం ఉంటే పరిహారం ఎంత అడగాలి?

ప్రశ్న: మా ఆయన టైల్స్ మేస్త్రీ, వయసు 34. రెండేళ్ల క్రితం కారు గుద్ది కుడి మోకాలు నుజ్జయింది, ప్లేట్లు వేశారు. మెడికల్ బోర్డు ఆ కాలికి 40 శాతం వైకల్యం రాసింది. అంతకుముందు నెలకు 18 వేలు తెచ్చేవారు గానీ కాగితాలేమీ లేవు. ఇప్పుడు ఆ పని చేయలేకపోతున్నారు. ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తోంది. లోక్ అదాలత్‌లో 6 లక్షలకు రాజీ పడమంటున్నారు. 2 లక్షల అప్పు మూడు రూపాయల వడ్డీకి ఉంది, ఒకటే టెన్షన్. ఒప్పుకోమంటారా? - ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: 6 లక్షలకు సంతకం పెట్టకండమ్మా. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు. రేపు మోకాలికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినా అడిగే దారి ఉండదు.

సర్టిఫికెట్‌లోని శాతం ఒకటి, సంపాదనలో పడిన దెబ్బ మరొకటి. రెండూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువే పోవచ్చు. గుమస్తా అయితే అదే ఉద్యోగం చేసుకోగలడు. అయితే ఈ మాట మీకు వ్యతిరేకంగానూ వాడతారు. ఒక కాలికి 40 అంటే మొత్తం శరీరానికి 40 కాదు కాబట్టి, బీమా కంపెనీ తరఫు లాయరు 20 శాతమే లెక్కేయమంటారు.

అందుకే మీ వారి పని ఎలాంటిదో ట్రిబ్యునల్‌కు కళ్లకు కట్టాలి. టైల్స్ పనంటే పొద్దంతా గొంతుక్కూర్చోవడమే. రబ్బరు సుత్తితో తడుతూ, లెవెల్ చూసుకుంటూ, మోకాళ్ల మీదే వెనక్కి జరగాలి. టైల్స్ పెట్టెలు మెట్లెక్కి మోయాలి. మోకాలు ఎంతవరకు వంగుతుందో, కింద కూర్చుని లేవగలరో లేదో ఆపరేషన్ చేసిన డాక్టరు సాక్ష్యంలో చెప్పాలి. సర్టిఫికెట్ ఒక్కటీ పెట్టి ఊరుకుంటే చాలదు.

ఇక లెక్క చూద్దాం. ఆదాయానికి రుజువు చాలదని ట్రిబ్యునల్ నెలకు 12 వేలే ఒప్పుకుందనుకోండి. ఏడాదికి 1,44,000. సొంత పని చేసుకునేవారికి 40 ఏళ్ల లోపైతే భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు 2,01,600 అవుతుంది. దీన్ని వయసును బట్టి ఖరారు చేసిన ఒక అంకెతో హెచ్చవేస్తారు, దాన్నే గుణకం అంటారు. 34 ఏళ్లకు గుణకం 16, అంటే 32,25,600. సంపాదన నష్టం 20 శాతమే అన్నా 6,45,120 వస్తుంది, 60 శాతం అంటే 19,35,360. చనిపోయిన కేసుల్లో ఆ మనిషి సొంత ఖర్చులకని కొంత కోత పెడతారు, ఇందులో అది ఉండదు.

వాళ్లు ఇస్తామన్న 6 లక్షలు ఆ కనీస లెక్క కన్నా తక్కువ, చూశారా! ఆస్పత్రి బిల్లులు, పడిన బాధకు ఇచ్చేది, పిటిషన్ తేదీ నుంచి మామూలుగా ఇచ్చే వడ్డీ ఇంకా కలపనే లేదు. నూటికి నూరు శాతం నష్టం ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. కూర్చుని చేసే వేరే పని చేయగలరని అవతలివాళ్లు తప్పకుండా అంటారు.

కాగితాలు లేవని బెంగ వద్దు, ఆదాయం సున్నా అని కోర్టు అనదు. పని ఇప్పించిన కాంట్రాక్టరుతో సాక్ష్యం చెప్పించండి. ఫోన్‌పేలో పడిన కూలి డబ్బులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ప్రమాదానికి ముందు తీసుకున్న లేబర్ కార్డు ఉంటే అన్నీ లాయరుకు ఇవ్వండి.

మిమ్మల్ని తొందరపెడుతున్నది ఆ అప్పేనని నాకు అర్థమవుతోంది. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాది ఆగితే 72 వేలు. బరువే, కానీ దాని కోసం లక్షలు వదులుకోకూడదు. బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి ముందు ఆ అప్పు తీర్చేయండి, వడ్డీ రూపాయికి అటూ ఇటూగా పడుతుంది.

వాళ్లు 12 లక్షలు దాటి వస్తే రాజీకి నేను సరేనంటాను. 12 వేల ఆదాయం మీద 40 శాతం నష్టానికి వచ్చేది దాదాపు అంతే, పైగా ఏళ్ల తరబడి అప్పీళ్ల చుట్టూ తిరగక్కర్లేదు. అంతకు తక్కువైతే డాక్టరు సాక్ష్యం అయ్యేదాకా ఆగండి.