కొన్నవాళ్లు ఏరి?

తమ్ముడూ,

తొలినాటి ఫొటోగ్రఫీ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. డాగేర్ నుంచి కొడాక్ పెట్టిన ఈస్ట్‌మన్ దాకా కనిపెట్టినవాళ్లంతా వరసగా వచ్చి వెళ్లారు. కొన్నవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడలేదు. శీర్షికలో వినియోగ సంస్కృతి అని పెట్టావు కదా, మరి డబ్బు చేతులు మారే చోటేది?

1854లో పారిస్‌లో డిస్‌డెరీ అనే ఫొటోగ్రాఫర్ పేటెంట్ తీసుకున్న విజిటింగ్ కార్డు సైజు ఫొటోను ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగాల్సింది. ఒకే గాజు పలక మీద మామూలుగా ఎనిమిది ఫొటోలు తీసి, కాగితం మీద ముద్రించి, కత్తిరించి, చిన్న అట్టలకు అంటించేవారు. దాంతో ఒక్కో ఫొటో ఖర్చు బాగా దిగింది. 1860లో లండన్‌లో మేయాల్ అనే ఫొటోగ్రాఫర్ విక్టోరియా రాణి కుటుంబం ఫొటోల్ని ఇలాగే అమ్మకానికి పెడితే జనం ఎగబడి కొన్నారు. ఇంటి ఆల్బమ్‌లో ఒక పేజీలో మేనత్త, పక్క పేజీలో రాణి! నీ మూడు పేరాల సిద్ధాంతం తీసేసి ఇది రాయి.

'బటన్ మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం' అన్న కొడాక్ ప్రకటన నీకు తెగ నచ్చినట్టుంది. ఆ మిగతాది ఏమిటో చెప్పలేదేం? 1888లో ఆ కెమెరా వెల 25 డాలర్లు. వంద ఫొటోల ఫిల్మ్ లోపలే ఉండేది. అయిపోగానే కెమెరానే అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న కంపెనీ ఫ్యాక్టరీకి పంపాలి. ప్రింట్లు వేసి, కొత్త ఫిల్మ్ ఎక్కించి పంపడానికి ఇంకో 10 డాలర్లు. రసాయనాలు, చీకటిగది గొడవంతా ఫ్యాక్టరీకి పోయింది, సరదా కొన్నవాడికి మిగిలింది.

1900లో కొడాక్ వాళ్లదే బ్రౌనీ వచ్చింది. అట్టపెట్టె కెమెరా, ఒక్క డాలరు. ఆరు ఫొటోల ఫిల్మ్ 15 సెంట్లు. అమెరికా పిల్లలకు బాగా తెలిసిన బొమ్మల కథల్లోని పాత్రల పేరు పెట్టి, పిల్లల్నే పట్టుకున్నారు. కెమెరా ఒకసారి కొంటారు, ఫిల్మ్ కొంటూనే ఉంటారు. చవగ్గా ప్రింటర్ కొని ఇంకుకి డబ్బులు పోసేవాళ్లకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

మన పాఠకుల కోసమని చివర్లో లాలా దీన్ దయాళ్‌ను తగిలించావు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన మనిషి. ఆయన గిరాకీలో రాజులూ, నవాబులూ, దొరలూ ఉండేవారు. డాలరు కెమెరా కథకు ఆయన్ని అతికించకు. ఆయన మీద వేరే వ్యాసం రాయి, నేనే ముందు చదువుతాను.

సెల్ఫీల మీద ఆ ఉపదేశం కూడా కొట్టెయ్. ధర రాసిన ప్రతిచోటా అప్పటి కూలీ ఎంతో వెతికి పక్కన పెట్టి, మళ్లీ పంపు.

మీ అన్నయ్య